తెలుగింటి అల్లుడు, ఆర్‌బీఐ తొలి భారతీయ గవర్నర్.. సీడీ దేశ్‌ముఖ్ జీవితంలో మన పొదుపు లెక్క

ఆర్‌బీఐ వడ్డీ రేట్లు పెంచిందని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, ఒకే ఇంట్లో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. హోమ్ లోన్ తీసుకున్న కొడుకు ఈఎంఐ ఎంత పెరుగుతుందోనని ఫోన్‌లో లెక్కలు వేసుకుంటాడు. రిటైరైన తండ్రి మాత్రం, పోనీలే మన ఎఫ్‌డీ మీద ఇంకో నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి అని లోలోపల సంతోషపడతాడు.

కొడుకు భయం నిజమే. మరి తండ్రి ఆశ సంగతేంటి? రేటు పెరిగితే దాచుకున్నోళ్లకు నిజంగా లాభమేనా?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఒక పెద్దమనిషి జీవితం చూడాలి. ఆయన పేరు చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్. అందరూ పిలిచేది సీడీ దేశ్‌ముఖ్ అని. రిజర్వ్ బ్యాంకుకు తొలి భారతీయ గవర్నర్. ఆ తర్వాత దేశ ఆర్థిక మంత్రి. అన్నట్టు, మన తెలుగింటి అల్లుడు కూడా. హైదరాబాద్ విద్యానగర్‌లో ఆస్పత్రి పేరు మీద రోజూ కనిపించే దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఈయన భార్యే. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, రాజ్యాంగ సభలో కూర్చున్న ఆ దుర్గాబాయమ్మ.

దేశ్‌ముఖ్ 1896 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, మహారాష్ట్ర కొంకణ్ ప్రాంతంలోని ఇప్పటి రాయ్‌గఢ్ జిల్లాలో పుట్టారు. తండ్రి లాయరు. పిల్లాడు మాత్రం సంస్కృతంలో దిట్ట. 1912 మెట్రిక్యులేషన్‌లో సంస్కృతానికి ఇచ్చే జగన్నాథ్ శంకర్‌సేఠ్ స్కాలర్‌షిప్ ఈయనకే వచ్చింది. తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి చదివింది ఏంటో తెలుసా? బోటనీ. మొక్కల శాస్త్రం! 1918లో ఐసీఎస్ పరీక్ష రాస్తే ఫస్ట్ ర్యాంకు. అంటే నోట్లు, వడ్డీలు, బ్యాంకులు ఆయన కాలేజీలో నేర్చుకున్నవి కావు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉద్యోగం చేస్తూ, అక్కడి ఆర్థిక శాఖ ఫైళ్లు చూస్తూ ఒంటబట్టించుకున్నవి.

1939లో ఆయన రిజర్వ్ బ్యాంకుకు వచ్చారు. సరిగ్గా అదే ఏడాది రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అసలు కథ ఇక్కడే ఉంది.

1941 చివర్లో డిప్యూటీ గవర్నర్ అయ్యారు. 1943 ఫిబ్రవరిలో గవర్నర్ సర్ జేమ్స్ టేలర్ చనిపోవడంతో, ఆగస్టులో ఆ కుర్చీ దేశ్‌ముఖ్‌కు దక్కింది. అప్పటికి ఆయన వయసు 47. తెల్లదొరలు మాత్రమే కూర్చున్న సీట్లో తొలిసారి ఒక భారతీయుడు. గొప్ప విషయమే. కానీ ఆయన కూర్చున్న టైం మాత్రం మామూలుది కాదు. బెంగాల్ కరువులో జనం రోడ్ల మీద ప్రాణాలు వదులుతున్న రోజులవి.

అప్పుడు డబ్బు పరిస్థితి ఎలా ఉందో కాస్త నెమ్మదిగా చూద్దాం. బ్రిటన్ తన యుద్ధానికి మన దేశంలో బట్టలు, తిండి, సరుకు కొనేది. దానికి రూపాయలు వెంటనే ఇచ్చేది కాదు. లండన్‌లో పౌండ్ల రూపంలో మన పేరు మీద రాసిపెట్టేది. ఆ పౌండ్లను చూపించి ఇక్కడ రిజర్వ్ బ్యాంకు రూపాయి నోట్లు అచ్చేసేది. సరుకు ఓడలెక్కి వెళ్లిపోయేది, నోట్లు మాత్రం మన బజార్లోకి వచ్చేవి. యుద్ధం ముగిసేసరికి చలామణిలో ఉన్న నోట్లు ఆరు రెట్లకు పైగా పెరిగాయి. సరుకేమో తక్కువ, డబ్బేమో ఎక్కువ. ధరలు ఏమవుతాయో వేరే చెప్పాలా?

మరి వడ్డీ రేటు? దాన్ని అప్పట్లో బ్యాంక్ రేటు అనేవారు. ఇప్పటి రెపో రేటుకు పెద్దన్న లాంటిది అనుకోండి. రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చేటప్పుడు తీసుకునే వడ్డీ. అది 1935 నవంబర్‌లో 3 శాతానికి దిగింది. యుద్ధం వచ్చింది, 3 శాతమే. కరువొచ్చింది, 3 శాతమే. స్వాతంత్ర్యం వచ్చింది, అప్పుడూ 3 శాతమే. పదహారేళ్ల పాటు ఆ అంకె కదల్లేదు.

ఎందుకు కదల్లేదంటే, సర్కారుకు చవగ్గా అప్పు కావాలి. యుద్ధం ఖర్చుకు ప్రభుత్వం బాండ్లు అమ్ముతోంది. బ్యాంక్ రేటు పెంచితే ఆ బాండ్ల మీద కూడా ఎక్కువ వడ్డీ ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి రేటును అలాగే తొక్కిపెట్టి ఉంచారు. ఢిల్లీలో ఆంగ్లేయ ప్రభుత్వం ఉండగా ఒక్క గవర్నర్ ఎదురు తిరిగి రేటు పెంచేసే రోజులు కావవి. అయినా దేశ్‌ముఖ్ సంతకం ఉన్న నోటు విలువ ఆయన కళ్లముందే కరిగిపోయింది. ఈ మాట దాచిపెడితే ఆయన కథ సగమే చెప్పినట్టు.

ఆ కరుగుడు లెక్క ఏంటో చూద్దాం. 1939లో ఒకాయన 100 రూపాయలు 3 శాతం చక్రవడ్డీకి వేసి మర్చిపోయాడనుకోండి. పన్నెండేళ్ల తర్వాత, 1951లో చూసుకుంటే దాదాపు 143 రూపాయలు అయ్యుంటాయి. బాగానే ఉంది కదా? కానీ ఈ పన్నెండేళ్లలో టోకు ధరలు నాలుగు రెట్లు దాటిపోయాయి. 1939లో వందకు వచ్చిన సరుకుకు ఇప్పుడు నాలుగు వందల పైమాటే. చేతిలో ఉన్నది 143. అంటే పాస్‌బుక్‌లో డబ్బు పెరిగింది, సంచిలో బియ్యం మాత్రం దాదాపు మూడో వంతుకు పడిపోయింది. ఎవరూ దొంగతనం చేయలేదు. బ్యాంకు దివాలా తీయలేదు. ఇచ్చిన మాట ప్రకారం వడ్డీ పైసలతో సహా కట్టారు. అయినా డబ్బు పోయింది.

వడ్డీ రేటు తక్కువగా ఉంటే దాచుకున్నోడికి జరిగేది ఇదే. చప్పుడు ఉండదు.

1946లో ఇంకో ముచ్చట జరిగింది. ఆ జనవరిలోనే 500, 1000, 10,000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. పెద్ద నోట్ల రద్దు అంటే మనకు 2016 గుర్తొస్తుంది గానీ, అది అప్పుడే ఒకసారి అయిపోయింది. సామాన్యుడి దగ్గర ఆ నోట్లు ఎక్కడివి లెండి. సామాన్య కుటుంబాలను ఎక్కువగా తాకింది వేరే సంగతి. మూడున్నర శాతం రూపాయి కాగితం అని ఒక ప్రభుత్వ బాండ్ ఉండేది. దానికి తీర్చే గడువంటూ లేదు, ఏటా వడ్డీ మాత్రం ఠంచనుగా వచ్చేది. ట్రస్టుల డబ్బు, మైనర్ల ఆస్తులు పెట్టడానికి చట్టం ఒప్పుకున్న కొద్ది మార్గాల్లో ప్రభుత్వ కాగితమే ముఖ్యమైంది. ఇంటికి పెద్దదిక్కు లేనివాళ్లకు అదే అన్నం.

1946లో ప్రభుత్వం ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంటానంది. నగదు తీసుకుంటారా, లేదంటే 3 శాతం కొత్త కాగితంలోకి మారతారా అని అడిగింది. ఆ కొత్త కాగితం పేరు 3 శాతం కన్వర్షన్ లోన్. అసలు తిరిగి ఇచ్చేది 1986లో, లేదా ఆ తర్వాత ఎప్పుడో. వడ్డీలు ఇంకా తగ్గుతాయని అప్పుడందరి నమ్మకం. చాలామంది మారిపోయారు. ఈ కాగితం పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1949 జనవరి 1న రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వ సొంతమైంది. అప్పటిదాకా అది షేర్‌హోల్డర్ల బ్యాంకు. ఆ ఏడాది జూన్ ఆఖరుకు దేశ్‌ముఖ్ గవర్నర్ పదవి ముగిసింది. బెనెగల్ రామారావు ఆ కుర్చీలోకి వచ్చారు. 1950లో నెహ్రూ పిలిచి దేశ్‌ముఖ్‌కు ఆర్థిక శాఖ అప్పగించారు. రేటు పెంచాలా వద్దా అన్న ప్రశ్న ఇప్పుడు టేబుల్‌కు అవతలి వైపు నుంచి ఆయన ముందుకొచ్చింది.

కొరియాలో యుద్ధం మొదలైంది. ప్రపంచమంతా ముడిసరుకు ధరలు ఆకాశానికి ఎగిశాయి. మన దగ్గర కూడా అదే మంట. చివరికి 1951 నవంబర్‌లో బ్యాంక్ రేటును 3 నుంచి 3.5 శాతానికి పెంచారు. పెంచింది అర శాతమే. కానీ అసలు దెబ్బ దాంతో పాటు వచ్చిన ఇంకో నిర్ణయంలో ఉంది. అంతకుముందు బ్యాంకులకు డబ్బు కావాల్సొస్తే తమ దగ్గరున్న ప్రభుత్వ బాండ్లను రిజర్వ్ బ్యాంకుకు అమ్మేసి నగదు తీసుకునేవి. ఇకమీదట మామూలుగా కొనం, కావాలంటే వాటిని తాకట్టు పెట్టి కొత్త రేటుకు అప్పు తీసుకోండి అని రిజర్వ్ బ్యాంకు చెప్పేసింది. బాండ్లకు అండగా ఉన్న పెద్ద కొనుగోలుదారు పక్కకు జరిగాడన్నమాట.

బాండ్ల ధరలు పడ్డాయి. ఎందుకు పడతాయో సింపుల్‌గా చూస్తే ఇలా ఉంటుంది. నా దగ్గర ఏడాదికి 3 రూపాయలిచ్చే 100 రూపాయల కాగితం ఉంది. బయట ఇప్పుడు వందకు మూడున్నర ఇస్తున్నారు. నా కాగితాన్ని ఎవడైనా వందకు కొంటాడా? కొనడు. మూడు రూపాయల వడ్డీ మూడున్నర శాతంతో సమానం కావాలంటే ధర దాదాపు 86 రూపాయలకు దిగాలి. గడువు ఎంత దూరంగా ఉంటే పతనం అంత ఎక్కువ. 1986 దాకా ఆగాల్సిన ఆ కన్వర్షన్ కాగితం ఉన్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. ఏటా వచ్చే మూడు రూపాయలు ఆగలేదు గానీ, కూతురి పెళ్లికి అమ్ముదామంటే అసలులోనే కోత.

అంటే రేటు పెరగడం పొదుపు చేసేవాళ్లందరికీ ఒకేలా పనిచేయలేదు. రేపు డబ్బు వేయబోయేవాడికి మంచిది. నిన్న వేసినవాడికి చేదు. 1954లో ప్రభుత్వం నేషనల్ ప్లాన్ లోన్ తెచ్చినప్పుడు మూడున్నర శాతం ఇచ్చింది. తెచ్చింది దేశ్‌ముఖ్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడే. ఎనిమిదేళ్ల కింద 3 శాతంలోకి మారినవాళ్లు దాన్ని చూసి ఏమనుకుని ఉంటారో!

కానీ ఒకటి ఒప్పుకోవాలి. 1952 మొదట్లో ధరలు గట్టిగా దిగొచ్చాయి. అదంతా అర శాతం పెంపు మహిమ అనడం అబద్ధమే అవుతుంది. కొరియా యుద్ధం వేడి ప్రపంచమంతా తగ్గడం పెద్ద కారణం. అయినా పదహారేళ్ల మొద్దునిద్ర తర్వాత రేటు కదిలిందన్న సంగతే వ్యాపారులకు ఒక హెచ్చరిక అయింది. సరుకు గోదాముల్లో దాచి, చవక అప్పుతో ధర పెరిగేదాకా కూర్చునే ఆట కొంచెం ఖరీదైంది. దాచుకున్నోడికి వడ్డీ అర రూపాయి పెరగడం కంటే, బియ్యం ధర దిగడమే పెద్ద లాభం. నా లెక్కలో రేటు పెంపు వల్ల సామాన్యుడికి వచ్చే అసలు మేలు అదే. అది కూడా ధర నిజంగా దిగితేనే.

దీన్ని మన కాలానికి పట్టుకొచ్చి చూడండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా ఆర్‌బీఐ రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. హోమ్ లోన్ల మీద ఆ భారం చకచకా పడింది. ఎఫ్‌డీ రేట్లు మాత్రం ఆగి ఆగి, మెల్లగా పెరిగాయి. సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడున్న డబ్బుకైతే చాలా పెద్ద బ్యాంకుల్లో వడ్డీ దాదాపు కదల్లేదు. సీనియర్ సిటిజన్స్ స్కీమ్ 7.4 నుంచి 8.2 శాతానికి ఎక్కింది, పీపీఎఫ్ 7.1 దగ్గరే కూర్చుంది. ఇక 2022 ఏప్రిల్‌లో రిటైల్ ద్రవ్యోల్బణం 7.79 శాతం. అప్పుడు ఐదున్నర శాతానికి ఎఫ్‌డీ వేసుకున్న పెద్దాయన ఏడాదికి రెండు శాతానికి పైగా నష్టంతో ఉన్నట్టే. 1939 నాటి ఆ 100 రూపాయల కథే, కాస్త చిన్న సైజులో. అప్పటికే ఐదేళ్లకు ఎఫ్‌డీ లాక్ చేసుకున్నోళ్లది కన్వర్షన్ కాగితం కథ. మధ్యలో తీస్తే పెనాల్టీ, ఉంచితే పాత వడ్డీ. పొడవాటి గడువు బాండ్లు కొనే డెట్ ఫండ్లలో పెట్టినోళ్లకు స్టేట్‌మెంట్‌లో ఎర్ర అంకెలు ఎందుకు కనిపించాయో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మళ్లీ దేశ్‌ముఖ్ దగ్గరికి వద్దాం. ఇదంతా బ్యాంకులో డబ్బున్నోళ్ల గొడవ. 1951లో దేశంలో ఎంతమందికి బ్యాంకు తెలుసు? రిజర్వ్ బ్యాంకు అప్పుడే గ్రామీణ పరపతి మీద దేశవ్యాప్తంగా ఒక సర్వే చేయించింది. రైతులు తీసుకునే అప్పుల్లో వడ్డీ వ్యాపారుల వాటా దాదాపు 70 శాతం, సహకార సంఘాలది 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది 0.9 శాతం అని తేలింది. ఒక్క శాతం కూడా లేదు! ఊళ్లో షావుకారు ఎంతంటే అంతే వడ్డీ. బొంబాయిలో బ్యాంక్ రేటు అర శాతం పెరిగినా, అర శాతం తగ్గినా ఆ ఊరికి తెలిసే దారే లేదు. మిగిలిన నాలుగు రూపాయలు దాచుకోవాలంటే కుండ, లేదంటే ఆడవాళ్ల మెడలో బంగారం.

అందుకే నాకు దేశ్‌ముఖ్ పనుల్లో రేటు పెంపు కంటే పెద్దదిగా కనిపించేది 1955 జులై 1. ఆ రోజు ఇంపీరియల్ బ్యాంకు కాస్తా స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయింది. ఐదేళ్లలో 400 కొత్త బ్రాంచీలు తెరవాలని షరతు పెట్టారు. లాభం వచ్చే పెద్ద పట్నాల్లో కాదు, బ్యాంకు ముఖం చూడని చిన్న ఊళ్లలో. వడ్డీ రేటు అనే మాట సామాన్యుడి ఇంటి గుమ్మం దాకా రావాలంటే ముందు బ్యాంకు రావాలి కదా.

ఆ తర్వాత ఆరు నెలలకే ఇంకో దెబ్బ కొట్టారు. 1956 జనవరి 19 రాత్రి రేడియోలో, జీవిత బీమా వ్యాపారాన్ని ప్రభుత్వం తీసుకుంటోందని స్వయంగా దేశ్‌ముఖ్ ప్రకటించారు. అప్పట్లో 245 బీమా సంస్థలుండేవి. కొన్నింటిలో పాలసీదారుల సొమ్మును యజమానులు తమ వ్యాపారాలకు వాడుకోవడం పెద్ద రోగంగా మారింది. ముందే తెలిస్తే డబ్బు దారి మళ్లిస్తారని అంతా రహస్యంగా ఉంచి, ఒక్కసారిగా ఆర్డినెన్స్ తెచ్చారు. ఆ సెప్టెంబర్‌లో ఎల్‌ఐసీ పుట్టింది. ప్రభుత్వమే బీమా నడపాలా వద్దా అన్న వాదన ఈరోజుకీ ఉంది, అది వేరే సంగతి. కానీ వడ్డీ ఎంత అన్నది తర్వాత, ముందు అసలు భద్రంగా ఉండాలన్నదే అప్పటి జనం బాధ.

ఎల్‌ఐసీ పుట్టేసరికి ఆయన మంత్రి పదవిలో లేరు. బొంబాయి నగరాన్ని మహారాష్ట్రకు ఇవ్వకుండా విడిగా ఉంచాలన్న నిర్ణయం నచ్చక రాజీనామా ఇచ్చేశారు. మరుసటి ఏడాది జనవరిలో గవర్నర్ రామారావు కూడా కొత్త ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారితో పడక తప్పుకున్నారు. ఆ మేలో బ్యాంక్ రేటు 4 శాతమైంది. ఆర్‌బీఐకి, ఢిల్లీకి మధ్య లాగుడుపీకుడు ఈనాటిది కాదన్నమాట.

దుర్గాబాయితో పెళ్లి 1953 జనవరిలో జరిగింది. మొదటి భార్య చనిపోయి అప్పటికి ఆయన ఒంటరి. ఈవిడేమో బాల్యవివాహాన్ని కాదనుకుని, జైలుకెళ్లి, లా చదివి, తన కాళ్ల మీద నిలబడ్డ మనిషి. అప్పుడు ప్రణాళికా సంఘంలో సభ్యురాలు. ఆడంబరం లేని పెళ్లి, సాక్షి సంతకం పెట్టినవాళ్లలో నెహ్రూ ఒకరు. ఆ సంసారం గురించి ఆమె తర్వాత చింతామణ్ అండ్ ఐ అని పుస్తకమే రాశారు.

రాజకీయం వదిలాక దేశ్‌ముఖ్ యూజీసీ ఛైర్మన్‌గా, ఢిల్లీ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. కాళిదాసు మేఘదూతాన్ని మరాఠీలోకి తెచ్చారు. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీ చేసి మూడో స్థానంలో నిలిచారు. ఆ ఎన్నిక మన తెలుగువాళ్లకు మహా సరదా. గెలిచింది వీవీ గిరి, రెండో స్థానం అనంతపురం బిడ్డ నీలం సంజీవరెడ్డి, మూడో ఆయన తెలుగింటి అల్లుడు.

ఆఖరి రోజులు హైదరాబాద్‌లోనే గడిచాయి. 1981 మేలో దుర్గాబాయి కన్నుమూశారు. 1982 అక్టోబర్ 2న, గాంధీ జయంతి నాడు, హైదరాబాద్‌లో దేశ్‌ముఖ్ వెళ్లిపోయారు.

ఆయన పోయే నాటికి రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటు 10 శాతం. 1946 నాటి ఆ కన్వర్షన్ కాగితం ఇంకా ఎవరి పెట్టెలోనైనా ఉంటే, అసలు తిరిగి రావాలంటే కనీసం ఇంకో నాలుగేళ్లు ఆగాలి. వడ్డీ మాత్రం ఏడాదికి అవే 3 రూపాయలు.